విండోస్ 10 పక్కన లినక్స్ పెట్టబోతే ఖాళీ జాగా ‘అన్‌యూజబుల్’ అంటోంది. నా అను, పేజ్‌మేకర్ పోకూడదు

కార్డులక్క, గోపాలపట్నం
శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాది వైజాగ్, గోపాలపట్నం. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పెళ్లి శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, చుట్టుపక్కల ట్యూషన్ మాస్టార్ల ప్రశ్నపత్రాలు. పాతికేళ్లుగా అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీదే బతుకుతున్నాను. అందుకని కంప్యూటర్ మీద పని చేయడం వచ్చు గానీ కంప్యూటర్ గురించి పెద్దగా తెలీదు. ముందే చెప్పేస్తున్నా, తిట్టేవాళ్లు మెల్లిగా తిట్టండి.

నా సిస్టమ్ 2015 మొదట్లో కొన్నది. దానికి ముందుదాన్ని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మింగేసింది. అప్పుడు పెదవాల్తేరులో అద్దెకుండేవాళ్లం. కిటికీ అద్దం పగిలి వాన నేరుగా సీపీయూ మీద కురిసింది. దాంతోపాటే ఎనిమిదేళ్ల కార్డులూ పోయాయి. ఇప్పటిది ఐ5 నాలుగో జనరేషన్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది. 2016లో ఉచితంగా ఇస్తున్నారంటే 10కి మార్చుకున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారు. 11 ఎక్కుతుందా అని చూస్తే ప్రాసెసర్ పాతది, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ లేదు అంది. ఒక షాపులో అడిగితే కొత్త సిస్టమ్ కొనమన్నారు. లేదంటే మొత్తం ఫార్మాట్ కొట్టి 11 ఎలాగో ఎక్కిస్తామన్నారు. ఫార్మాట్ అనే మాట వింటేనే నాకు కడుపులో తిప్పుతుంది. మా మేనల్లుడు దసరాకి వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ అని, విండోస్ లాంటిదే ఇంకోటి, ఎక్కించి ఇచ్చాడు. “అత్తా, ఇది విండోస్ పక్కన పెట్టుకో. బ్యాంకు పనులు, మెయిళ్లు ఇందులో చూసుకో, కార్డుల పని అందులో చేసుకో” అన్నాడు. చెప్పి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉంటాడు.

యూట్యూబ్ చూసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి డ్రైవ్‌ని 60 జీబీ కుదించాను. ఆ జాగా నల్ల గీతతో అన్‌అలొకేటెడ్ అని వచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే, వీడియోలో చూపించినట్టు ‘విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చెయ్యి’ అన్న ఆప్షనే రాలేదు. ‘ఇంకోలా’ అన్నదానిలోకి వెళ్తే ఆ 60 జీబీ పక్కన ఫ్రీ స్పేస్ అని ఉండాల్సింది, ‘అన్‌యూజబుల్’ అని ఉంది. పవర్ బటన్ నొక్కి లేచిపోయాను. విండోస్ మామూలుగానే వస్తోంది. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

డిస్కులో ఇప్పుడు వరసగా కనిపిస్తున్నవి ఇవి: సిస్టమ్ రిజర్వ్‌డ్ 100 ఎంబీ, సి 200 జీబీ, రికవరీ 450 ఎంబీ, డి 670 జీబీ, చివర ఆ నల్ల గీత. నేనేం పాడు చేశాను? ఇరవై ముహూర్తాల కార్డులు చేతిలో ఉన్నాయి.


జగదాంబ_77, డాబాగార్డెన్స్
శుక్రవారం రాత్రి 11:41

సింపుల్ అక్కా. ఆ నల్ల గీత మీద రైట్ క్లిక్ కొట్టి న్యూ సింపుల్ వాల్యూమ్ అను. ఏదో వార్నింగ్ ఇస్తుంది, ఎస్ కొట్టెయ్. తర్వాత అందులో లినక్స్ ఎక్కించుకో. పది నిమిషాల పని.


బ్యాక్‌లాగ్_బాబు, మద్దిలపాలెం
శుక్రవారం రాత్రి 11:48

అక్కా, ఆ ఎస్ కొట్టకండి!! పడుకోబోతూ చూశాను, లేచి కూర్చుని టైప్ చేస్తున్నా.

ఆ వార్నింగ్‌లో ఉండేది ‘బేసిక్ డిస్క్‌ని డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను’ అని. ఎస్ అంటే మార్చేస్తుంది. అప్పుడు లినక్స్ ఇన్‌స్టాలర్‌కి మీ విభాగాలు, అంటే సి, డి లాంటి పార్టిషన్లు, సరిగ్గా అర్థం కావు. వెనక్కి బేసిక్‌గా మార్చాలంటే పద్ధతి ప్రకారం అన్ని డ్రైవ్‌లూ చెరిపెయ్యాలి. మా హాస్టల్‌లో ఒకడు ఇలాగే కొట్టి ప్రాజెక్టు రిపోర్టు వారం ముందు ఏడ్చాడు.

మీరేం పాడు చెయ్యలేదు. అన్‌యూజబుల్ అంటే జాగా చెడిపోయిందని కాదు.


జగదాంబ_77, డాబాగార్డెన్స్
శుక్రవారం రాత్రి 11:55

నాకు పనిచేసింది మరి. నాది కొత్త సిస్టమ్ అనుకో. సారీ అక్కా.


రోలింగ్‌మిల్లు_రిటైర్డ్, కూర్మన్నపాలెం
శనివారం ఉదయం 5:50

అమ్మా, బాబు చెప్పింది నిజం. కారణం తెలిస్తే మీ భయం సగం పోతుంది, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. డిస్క్ మొదట్లో 512 బైట్ల ముక్క ఒకటుంటుంది. ఏ విభాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉందో రాసే పట్టిక అందులోనే ఉంటుంది. ఆ పట్టికకు కేటాయించింది 64 బైట్లు. ఒక్కో విభాగం వివరానికి 16 బైట్లు. లెక్క మీరే వేసుకోండి, నాలుగంటే నాలుగే గళ్లు. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటు ఇది. అప్పటి హార్డ్ డిస్క్ పది మెగాబైట్లు. నాలుగు గళ్లు ఎవరికైనా ఎక్కువే అనుకుని ఉంటారు.

మీ నాలుగు గళ్లూ నిండిపోయాయి. సిస్టమ్ రిజర్వ్‌డ్ ఒకటి, సి రెండు, రికవరీ మూడు, డి నాలుగు. ఆ 450 ఎంబీ రికవరీ మీరు చేసుకున్నది కాదు. 7 నుంచి 10కి మారినప్పుడు పాత 100 ఎంబీలో చోటు చాలక విండోస్ తనంతట తాను సి లోంచి చెక్కుకున్నది. ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది గానీ రిజిస్టరులో రాయడానికి గడి లేదు. ‘అన్‌యూజబుల్’ అని ఇన్‌స్టాలర్ అంటున్నది ఇదే.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ నాలుగింటి మీదా ముదురు నీలం గీతే ఉందా, లేక ఏదైనా ఆకుపచ్చ గడిలో ఉందా చూసి చెప్పండి. ఆకుపచ్చ ఉంటే దారి సులువు, అది ఎక్స్‌టెండెడ్ విభాగం, అందులో ఎన్నైనా పట్టించవచ్చు.

ఇంకో మూడు ప్రశ్నలు. యూపీఎస్ పనిచేస్తోందా? డి డ్రైవ్‌లోని కార్డులు ఇంకెక్కడైనా కాపీ ఉన్నాయా? అను, పేజ్‌మేకర్ సీడీలు మీ చేతిలో ఉన్నాయా? మూడో ప్రశ్నకి జవాబు లేకుండా ఎవరేం చెప్పినా మీ డిస్క్ మీద చెయ్యి పెట్టకండి.


కార్డులక్క, గోపాలపట్నం
శనివారం ఉదయం 9:15

మాస్టారూ, మీరు పొద్దున్న ఆరు కాకుండానే లేచి నా గోల చదివినందుకు దండాలు. బాబూ, నువ్వూ చల్లగా ఉండు, బ్యాక్‌లాగులన్నీ పాసవ్వు.

నాలుగూ ముదురు నీలమే. ఆకుపచ్చ ఎక్కడా లేదు.

యూపీఎస్ ఉంది, బ్యాటరీ చచ్చిపోయి ఏడాదైంది. కరెంటు పోతే ‘కీ’మని ఒక్క అరుపు అరిచి అదీ పోతుంది. డి కుదించేటప్పుడు కరెంటు పోయుంటే ఏమయ్యేదో ఇప్పుడు తలచుకుంటే చెమటలు పడుతున్నాయి. కాపీ లేదు. హుద్‌హుద్ తర్వాత ఒట్టేసుకున్నాను, అయినా లేదు. సీడీలు ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి. రెండు ఇళ్లు మారాం కదా. వెతుకుతాను.

ఒకటి అడగనా? పదేళ్లుగా మా ఇంట్లో ‘ఆ కంప్యూటర్ జోలికి వెళ్లకండి, అమ్మ తిడుతుంది’ అని పిల్లల్ని పెంచాను. ఇప్పుడు నేనే వెళ్లి కెలికాను. ఇది అంతా మానేసి విండోస్ 10నే ఇలాగే వాడుకుంటే ఏమవుతుంది?


బ్యాక్‌లాగ్_బాబు, మద్దిలపాలెం
శనివారం ఉదయం 10:30

అక్కా, వెంటనే ఏమీ అవదు. మొన్నటిలాగే నడుస్తుంది. కొత్తగా బయటపడే లోపాలకి అతుకులు రావు, అంతే. ఇళ్లలో వాడేవాళ్లకి ఒక ఏడాది పొడిగింపు ఉంది, 2026 అక్టోబరు 13 వరకు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోమని లింకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. మీది 22హెచ్2 వెర్షనో కాదో మాత్రం చూసుకోండి. ముందు అది చేసెయ్యండి, ఊపిరి పీల్చుకోవచ్చు.

లినక్స్ సంగతికొస్తే, ఎంబీఆర్‌ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చే టూల్ విండోస్ 10లోనే ఉంది. జీపీటీ అయితే 128 విభాగాలు పెట్టుకోవచ్చు. డేటా పోదు అంటారు.


రోలింగ్‌మిల్లు_రిటైర్డ్, కూర్మన్నపాలెం
శనివారం మధ్యాహ్నం 2:05

బాబూ, ఆ టూల్‌కి ఒక షరతు ఉంది. ప్రైమరీ విభాగాలు, అంటే ఆ పట్టికలో నేరుగా గడి పట్టినవి, మూడుకు మించితే అది పని మొదలుపెట్టదు. అమ్మగారికి నాలుగు. రికవరీని తీసేసి మూడు చేయొచ్చు, మార్చాక సిస్టమ్‌ని లేపే బయోస్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి తిప్పొచ్చు, అప్పుడు బహుశా విండోస్ లేస్తుంది. ‘బహుశా’ అన్న మాట పెళ్లిళ్ల సీజన్‌లో వాడేది కాదు.

అమ్మా, నా సలహా ఇది. ఆ హార్డ్ డిస్క్‌ని అసలు ముట్టుకోవద్దు. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, ఒకటి కొనండి. లినక్స్ మొత్తం దాని మీద పెట్టండి. పెట్టే ముందు సీపీయూ మూత తీసి పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకెయ్యండి. ఇన్‌స్టాలర్‌కి కనపడని డిస్క్‌ని ఇన్‌స్టాలర్ పాడు చేయలేదు. మా మిల్లులో రోల్ మార్చేటప్పుడు కరెంటు స్విచ్ కట్టేస్తే చాలదు, దానికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఇదీ అంతే.

ఇంకో లాభం కూడా ఉంది. ఒకే డిస్క్‌లో పెడితే లినక్స్‌ని లేపే బూట్‌లోడర్ విండోస్ బూట్ రికార్డ్ మీదే కూర్చుంటుంది. రేపు లినక్స్ వద్దనుకుంటే ఆ తలనొప్పి వేరు. విడి డిస్క్ అయితే ఎవరి గుమ్మం వాళ్లది. స్టార్ట్ అయ్యేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఏది కావాలో ఎంచుకోవచ్చు. కొన్ని బోర్డులకి ఎఫ్12, కొన్నింటికి ఎఫ్11, కొన్నింటికి ఎఫ్8.

కుదించిన 60 జీబీని డి మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌టెండ్ చేసి వెనక్కి కలిపేసుకోండి. అయితే అన్నిటికంటే ముందు బ్యాకప్. బయటి హార్డ్ డిస్క్ కొనో, అరువు తెచ్చుకునో డి మొత్తం కాపీ చెయ్యండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో ‘బ్యాకప్ అండ్ రిస్టోర్, విండోస్ 7’ అని ఉంటుంది, పేరు పాతదే గానీ 10లోనూ పనిచేస్తుంది. అందులో సిస్టమ్ ఇమేజ్ తీయండి. సి డ్రైవ్ మొత్తం, మీ అను, పేజ్‌మేకర్, వాటి సెట్టింగులతో సహా అచ్చుగుద్దినట్టు ఆ బయటి డిస్క్‌లోకి వెళ్తుంది. మీకు ఇది లినక్స్ కన్నా ముఖ్యం. పదేళ్ల హార్డ్ డిస్క్ అది. రేపు అది తనంతట తానే పోవచ్చు.

ఫాస్ట్ స్టార్టప్ టిక్ కూడా పవర్ ఆప్షన్స్‌లో తీసేయండి. మర్చిపోకండి.


కార్డులక్క, గోపాలపట్నం
పదహారు రోజుల తర్వాత, సోమవారం రాత్రి 10:10

బతికే ఉన్నాను. సిస్టమ్ కూడా. మూఢం వస్తే చేతిలో పని తగ్గుతుంది కదా, అప్పుడు చేద్దామని ఆగాను. జరిగింది రాస్తాను, నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది.

ముందు యూపీఎస్‌కి బ్యాటరీ వేయించాను. తర్వాత బయటి హార్డ్ డిస్క్ మా మరిది దగ్గర అరువు తెచ్చి డి కాపీ పెట్టాను. 140 జీబీ. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్నాయి, మూడు గంటలు పైనే పట్టింది. కాపీ అవుతుంటే ఫైళ్ల పేర్లు చూస్తూ కూర్చున్నా. ‘అప్పారావు పెళ్లి ఫైనల్’, ‘అప్పారావు పెళ్లి ఫైనల్ 2’, ‘అప్పారావు పెళ్లి నిజం ఫైనల్’. మూడో రోజు వాళ్ల ముహూర్తమే మారింది, అది నాలుగో ఫైలు. సిస్టమ్ ఇమేజ్ రాత్రి పెట్టి పడుకున్నాను, పొద్దున్నకి అయిపోయింది. దీని కోసం ఇన్నాళ్లూ ఎందుకు ఆగానో నాకే తెలీదు. రెండు క్లిక్కుల పని.

ద్వారకానగర్‌లో ఎస్ఎస్‌డీ కొన్నాను, నాకు 1,700 పడింది. ఇంటికొచ్చి డబ్బా విప్పితే కేబుల్ లేదు. మళ్లీ అంతదూరం బస్సెక్కి వెళ్లే ఓపిక లేదు. సీపీయూ మూత తీద్దామంటే స్క్రూలు రావు. పెదవాల్తేరు సముద్రపు గాలికి అప్పుడే తుప్పు పట్టేశాయి, ఈ ఊరి సిస్టమ్‌లన్నిటికీ ఉన్న జబ్బే. మా ఆయన కొబ్బరినూనె చుక్క వేసి పది నిమిషాలాగి తిప్పితే వచ్చాయి. లోపల దుమ్ము ఎంతుందంటే ఓ చిన్న దిండు కుట్టొచ్చు. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. డీవీడీ డ్రైవ్ ఎలాగూ అయిదారేళ్లుగా తెరుచుకోవడం లేదు. దాని రెండు కేబుళ్లూ పీకి ఎస్ఎస్‌డీకి పెడితే సరిగ్గా సరిపోయాయి. ఎస్ఎస్‌డీ బిగించే చోటు దొరక్క, ప్రస్తుతానికి డీవీడీ డ్రైవ్ కింద డబుల్ టేపుతో అతికించాను. నవ్వకండి మాస్టారూ.

హార్డ్ డిస్క్ కేబుల్ పీకాను. పీకాక మళ్లీ చూశాను. ఇంకోసారి చూశాను.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి ఎఫ్12 నొక్కితే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు వచ్చింది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంది. బాబుకి ఫోటో పంపితే ఆ యూఈఎఫ్ఐ ఉన్నదే నొక్కమన్నాడు. ఈసారి వెంటనే ఇన్‌స్టాల్ చేయలేదు. పెన్‌డ్రైవ్ మీదే ఒక పూటంతా వాడి చూశాను. లేజర్ ప్రింటర్ ప్లగ్ పెట్టగానే తనే పట్టేసింది. విండోస్‌లో దాని డ్రైవర్ కోసం నేను పడ్డ పాట్లు వేరే కథ. వైఫై వచ్చింది. సౌండ్ మాత్రం ముందువైపు రంధ్రంలోంచి రావట్లేదు, వెనకది పనిచేస్తోంది. నాకు అది చాలు.

ఇన్‌స్టాల్ నొక్కాక ‘డిస్క్ మొత్తం చెరిపి లినక్స్ మింట్ పెట్టు’ అన్న లైను దగ్గర నా వేలు ఆగిపోయింది. అక్కడ ఉన్నది ఒక్కటే డిస్క్ అని తెలుసు, 240 అని రాసి కూడా ఉంది, అయినా వేలు కదలదు. మా ఆయన్ని పిలిచి ‘ఇక్కడ ఎంతని రాసుంది చదువు’ అన్నాను. ‘రెండొందల నలభై. ఏటి, ఇప్పుడు నన్ను సాచ్చిగా పెట్టేస్తన్నావా?’ అన్నారు. అప్పుడు నొక్కాను. పావుగంట కూడా పట్టలేదు. ఇన్నాళ్ల టెన్షన్‌కి పావుగంట!

హార్డ్ డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టాను. బయోస్‌లో ఎస్ఎస్‌డీని మొదట పెట్టాను. ఇప్పుడు ఏమీ నొక్కకపోతే లినక్స్ వస్తుంది, ఎఫ్12 కొట్టి పాత డిస్క్‌ని ఎంచుకుంటే విండోస్ వస్తుంది. లినక్స్ అర నిమిషంలో లేస్తుంది. విండోస్ వచ్చేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు, అది హార్డ్ డిస్క్ మీద ఉంది కాబట్టి అనుకోండి.

ఇక నేను చేసిన తప్పులు. మాస్టారు చెప్పిన ఫాస్ట్ స్టార్టప్ మర్చిపోయాను. లినక్స్‌లో డి తెరుచుకుంది గానీ అందులో ఏదీ సేవ్ చేయనివ్వలేదు. విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుందట, దాని డ్రైవ్‌లో ఇంకొకరు రాస్తే గందరగోళం అవుతుందని లినక్స్ రాయదట. టిక్ తీసేసి షట్‌డౌన్ చేశాక సరిపోయింది.

రెండోది గడియారం. పొద్దున్న పదకొండింటికి విండోస్ తెరిస్తే అయిదున్నర అని చూపించింది. సరిచేశాను. లినక్స్‌కి వెళ్లి తిరిగొచ్చాక మళ్లీ వెనక్కి. బోర్డు మీద సెల్ పోయిందనుకుని, 2032 నంబరు బటన్ సెల్ కొనుక్కొచ్చి మార్చాను. మళ్లీ అంతే. అప్పుడు తేడా లెక్కపెట్టాను. ప్రతిసారీ సరిగ్గా అయిదున్నర గంటలు. సెల్ అయిపోతే అంత శ్రద్ధగా లెక్కపెట్టి తప్పదు కదా! బాబుకి చెప్తే నవ్వాడు. లినక్స్ బోర్డు గడియారంలో గ్రీన్‌విచ్ సమయం రాసిపెడుతుందట, మన టైముకి అయిదున్నర కలుపుకుని చూపిస్తుందట. విండోస్ అందులో ఉన్నదే మన టైము అనుకుంటుందట. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టించి లినక్స్‌ని కూడా మన టైమే రాసేలా చేయించాడు. పాత సెల్ బాగానే ఉంది, ఇప్పుడు వంటింట్లో కాటాలో వేశాను.

పని సంగతి. ఉదయం పూట లినక్స్. మెయిళ్లు, బ్యాంకు, పార్టీలు వాట్సాప్‌లో పంపే ఫోటోలు, అన్నీ అందులో చూసుకుని డి లో పెడతాను. మధ్యాహ్నం మూడు నుంచి విండోస్, వైఫై డాంగిల్ పీకేసి. అను, పేజ్‌మేకర్‌లకి నెట్‌తో పనేముంది?

తెలుగు టైపింగ్ ఎలాగని భయపడ్డాను. లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ అనేది వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కాక, నా వేళ్లకి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. అది చూసి ఊళ్లో తెలిసిన ముఖం కనిపించినట్టయింది. ఎక్కడైనా తెరుచుకునే యూనికోడ్ ఫాంట్లు బోలెడు ఉచితంగా ఉన్నాయి. గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి, మన ఉత్తరాంధ్ర వాళ్లని వాటినే ముందు దించాను. పేజ్‌మేకర్ లాంటిదే అయిన స్క్రైబస్‌లో ఒక శుభలేఖ చేసి చూశాను. ఒత్తులు బాగానే కుదిరాయి. కానీ శుభలేఖకి కావలసిన ఆ లావుపాటి, వంపుల అక్షరాలు నాకు ఇంకా అనులోనే దొరుకుతున్నాయి. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు కూడా పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు.

పొద్దున్న యూనికోడ్‌లో కొట్టిన మేటర్‌ని మధ్యాహ్నం అనులోకి మార్చడానికి ఒక ఉచిత కన్వర్టర్ వాడాను. తొంభై పాళ్లు బాగానే వచ్చింది. ‘లక్ష్మి’ దగ్గర మాత్రం ఒత్తు జారిపోయింది. మన కార్డుల్లో ఏదో ఒక వైపు లక్ష్మి లేని పెళ్లి ఉంటుందా? ఇప్పుడు ప్రతి కార్డులో ముందు లక్ష్ములందరినీ వెతికి దిద్దుతున్నాను.


రోలింగ్‌మిల్లు_రిటైర్డ్, కూర్మన్నపాలెం
మంగళవారం ఉదయం 6:05

డబుల్ టేపు గురించి ఏమీ అనను. ఎస్ఎస్‌డీలో తిరిగేవి లేవు, ప్రమాదమేం లేదు. వేసవిలో టేపు జిగురు కరిగితే ఊడుతుంది, ఒకసారి చూసుకోండి. ఆ బయటి డిస్క్ మీ మరిదికి తిరిగి ఇచ్చేస్తే బ్యాకప్ కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. మీకంటూ ఒకటి కొనుక్కోండి.

సీడీలు దొరికాయా?


కార్డులక్క, గోపాలపట్నం
మంగళవారం ఉదయం 9:40

అను సీడీ దొరికింది మాస్టారూ, పంచాంగాల కట్టలో. పేజ్‌మేకర్‌ది దొరకలేదు. ఆ తెరుచుకోని డీవీడీ డ్రైవ్‌లో ఉండిపోయిందేమోనని నా అనుమానం.


బ్యాక్‌లాగ్_బాబు, మద్దిలపాలెం
మంగళవారం ఉదయం 9:58

అక్కా, డ్రైవ్ ముందువైపు గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది చూడండి. కరెంటు తీసేసి, పేపర్ క్లిప్‌ని తిన్నగా చేసి అందులో మెల్లిగా దూర్చి గట్టిగా నొక్కండి. ట్రే కొంచెం బయటికొస్తుంది, మిగతాది చేత్తో లాగొచ్చు.


కార్డులక్క, గోపాలపట్నం
మంగళవారం మధ్యాహ్నం 1:20

పిన్నీసు వంగిపోయింది, క్లిప్‌కి తెరుచుకుంది. లోపల ఉన్నది పేజ్‌మేకర్ కాదు. ఎవరిదో ఓణీల ఫంక్షన్ డీవీడీ. మీద స్కెచ్ పెన్నుతో 2017 అని మాత్రం రాసుంది, పేరు లేదు. ఆ ఏడాది కార్డుల ఫైళ్లు తీసి చూస్తున్నాను, ఎవరిదో తెలిస్తే ఇచ్చేద్దామని.